కంప్యూటరు పురుగు: పుట్టుక, వ్యాప్తి, నివారణ

ఒక రైతు తన చేనికి పట్టిన పురుగును నిర్లక్ష్యము చేసినచో నష్టము ఆ రైతుతో ఆగదు. గట్టు దాటి పొరుగు చేనికి, అచ్చట నుండి ఊరి పొలమంతటికిని అది ప్రాకును. ఒక యింటి ముందు నిలిచిన మురుగునీరు వీధి యంతటికిని జ్వరము తెచ్చును. అందువలననే పారిశుద్ధ్యము ఒక యింటివారి ఇష్టమునకు విడువక, ఊరందరి బాధ్యతగా పంచాయతీకి అప్పగింపబడినది. ఈ సంగతి గ్రామ పంచాయతీ సభ్యులకు మేము క్రొత్తగా చెప్పవలసినది కాదు.

నేడు పంచాయతీ కార్యాలయములకు కంప్యూటరు వచ్చినది. జనన మరణముల నమోదు, ఇంటి పన్ను లెక్కలు, ధ్రువపత్రములు దాని ద్వారా నడచుచున్నవి. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్ ద్వారా పంచాయతీల ప్రణాళికలు, జమా ఖర్చులు కూడ అందులోనికి చేరినవి. ఈ యంత్రము ఒంటరిది కాదు. మండల కార్యాలయముతో, జిల్లాతో, లోకమంతటితో దానికి సంబంధము కలదు. గట్టు ఆనుకొని చేలు ఉన్నట్లు, ఈ యంత్రములును ఒకదాని నొకటి ఆనుకొని యున్నవి. కావున వీనికిని పురుగు పట్టును. ఒకదానినుండి మరియొకదానికి ప్రాకును. ఈ పురుగు ఎట్లు పుట్టినది, శాస్త్రజ్ఞులు దానిని పరిశోధించి ఏమి తెలిసికొనిరి, అందువలన గ్రామమునకు కలుగు పాఠమేమి అను విషయములను ఈ వ్యాసమున వివరింపనెంచితిమి.

పురుగు అనగా నేమి?

కంప్యూటరు తనంతట తాను ఏ పనియు చేయదు. ఏ పని తరువాత ఏ పని చేయవలెనో వరుసగా వ్రాసి యిచ్చిన ఆదేశముల పట్టికను ప్రోగ్రాము అందురు. మేలు చేయు ప్రోగ్రాములు ఉన్నట్లే కీడు చేయుటకు వ్రాయబడినవియు కలవు. తమంతట తాము పెరుగు వానిలో ముఖ్యముగా రెండు జాతులను చెప్పుదురు. మొదటిది వైరసు. ఇది వేరొక ప్రోగ్రామునకో, ఫైలునకో అంటుకొని యుండి, ఎవరైన దానిని తెరచినపుడు మేల్కొనును. రెండవది పురుగు, ఆంగ్లమున 'వర్మ్' అందురు. దీనికి మనుష్యుని చేయి తగులవలసిన పని లేదు. ఇది నెట్‌వర్కు వెంబడి పొరుగు యంత్రములను వెదకును. తలుపు గడియ సరిగా పడని యంత్రము దొరికినచో లోపల ప్రవేశించి, తన ప్రతిని అచ్చట నిలుపును. ఆ ప్రతి మరల ఇదే పనికి పూనుకొనును.

ఇచ్చట 'గడియ పడని తలుపు' అనగా, ప్రోగ్రాము వ్రాసినవారు తెలియక విడిచిన లోపము. అట్టి లోపము బయటపడినపుడు, తయారీదారులు దానిని మూయుటకు ఒక సవరణను పంపుదురు. దీనినే అప్‌డేట్ అనుచున్నారు. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొన గోరుదుము. ఈ కథ యంతయు దాని చుట్టునే తిరుగును.

తొలి ప్రయోగములు

తనను తాను పునరుత్పత్తి చేసికొను యంత్రము సాధ్యమా యను ప్రశ్నను జాన్ వాన్ న్యూమన్ అను గణిత శాస్త్రజ్ఞుడు 1949లో తన ఉపన్యాసములందు విచారించెను. ఆయన మరణానంతరము 1966లో ఆ రచనలు గ్రంథరూపమున వెలువడినవి. 1971లో అమెరికాలో బాబ్ థామస్ అను ఇంజనీరు ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు పోగల 'క్రీపర్' అను చిన్న ప్రోగ్రామును వ్రాసెను. ఇవి కీడు తలపెట్టిన పనులు కావు. తెలిసికొనవలెనను కుతూహలముతో చేసినవి.

తరువాత జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయమున జాన్ షాక్, జాన్ హప్ అనువారు, రాత్రివేళ ఊరక పడియుండు యంత్రములను కలిపి పెద్ద పనికి వినియోగింపవచ్చునని తలచిరి. అందుకై యంత్రమునుండి యంత్రమునకు వ్యాపించు ప్రోగ్రామును రచించిరి. జాన్ బ్రన్నర్ 1975లో ప్రచురించిన ఒక నవలలోని ఊహను అనుసరించి దానికి 'పురుగు' అని పేరు పెట్టిరి. ఒక రాత్రి చిన్న పురుగు నొకదానిని నడవనిచ్చి ఇండ్లకు పోయిరి. తెల్లవారి వచ్చి చూచునప్పటికి పదుల కొలది యంత్రములు చచ్చి పడియున్నవి. వానిని మరల లేపినచో పురుగు మరల పట్టుకొనుచున్నది. అదృష్టవశమున, అవసరమైనచో అన్ని ప్రతులను ఒక్కసారి ఆపివేయు ఆజ్ఞను వారు ముందుగనే అందులో అమర్చియుండిరి. దానితో గండము గడచినది. ఈ అనుభవమును దాచక 1982లో పత్రికయందు ప్రకటించిరి. మేలు కోరి విడిచినదైనను, అదుపు తప్పినచో పురుగు పురుగే యని లోకమునకు తెలిసిన మొదటి పాఠమిది.

1988: ఒక విద్యార్థి చేసిన పొరపాటు

ఆరు సంవత్సరముల తరువాత ఈ పాఠమును మరచిన ఫలము కనబడినది. కార్నెల్ విశ్వవిద్యాలయమున పరిశోధక విద్యార్థియైన రాబర్ట్ మోరిస్, 1988 నవంబరు 2న ఒక పురుగును ఇంటర్నెట్టునందు విడిచెను. తన జాడ తెలియకుండుటకై వేరొక సంస్థయగు ఎం.ఐ.టి. యంత్రమునుండి దానిని పంపెను. ఆ పురుగు ఉత్తరములు చేరవేయు ప్రోగ్రాములోని లోపమును వెదకును. వేరొక ప్రోగ్రాములోని లోపమును కూడ వెదకును. పాస్‌వర్డులను కూడ ఊహించును. అందుకై 432 మాటల పట్టికను అది తన వెంట మోసికొని తిరిగెను. సులభమైన పాస్‌వర్డు పెట్టుకొనుట, తాళముచెవిని గడపపై పెట్టి పోవుట వంటిదని అప్పుడే రుజువైనది.

ఒకే యంత్రమునందు తన ప్రతులు పెక్కు చేరకుండుటకై, లోపల ప్రతి యున్నదా యని అడిగి, ఉన్నదన్నచో విరమించు ఏర్పాటును మోరిస్ చేసెను. కాని ఎవరైన 'ఉన్నది' అని అబద్ధపు సమాధానము చెప్పించి పురుగును నిలిపివేయుదురేమో యని శంకించి, ఏడింట ఒకమారు ఆ సమాధానమును లెక్కచేయక నిలిచియుండునట్లు వ్రాసెను. ఆ లెక్కయే కొంప ముంచినది. ఒక్కొక్క యంత్రమున ప్రతులపై ప్రతులు పేరుకొని, అవి కదలలేక నిలిచిపోయినవి. అప్పటి ఇంటర్నెట్టులోని సుమారు 60,000 యంత్రములలో 6,000 వరకు దీని పాల బడినవని అంచనా వేసిరి. భయపడిన మోరిస్ కోరికపై ఒక మిత్రుడు, దానిని ఆపు ఉపాయమును నెట్‌వర్కు ద్వారానే అందరికి తెలియజేయ ప్రయత్నించెను. అప్పటికే దారులు మూసికొనిపోయి, ఆ సందేశము చాల ఆలస్యముగ చేరినది. ఇల్లు తగులబడునపుడు వార్త తెచ్చువాడు ఆ మంటల గుండనే రావలసినచో ఎట్లుండునో అట్లయినది.

బర్క్‌లీ, ఎం.ఐ.టి., పర్డ్యూ విద్యాసంస్థల పండితులు ఆ ప్రోగ్రామును విప్పి, అక్షరమక్షరము పరిశీలించి, విరుగుడును పంచిరి. ఇట్టి ఆపదలలో అందరికి సాయపడుటకై ఆ నెలలోనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఒక సహాయ కేంద్రము ఏర్పడినది. మోరిస్‌ను న్యాయస్థానము 1990లో దోషిగా నిర్ణయించి, మూడేండ్ల పర్యవేక్షణ, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా విధించినది. కీడు చేయు తలంపు లేకపోయినను, ఇతరుల యంత్రమున అనుమతి లేక ప్రవేశించుట నేరమే యని స్థిరపడినది. మన దేశమునందు కూడ 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ప్రకారము, మోసబుద్ధితో గాని, దురుద్దేశముతో గాని ఇతరుల కంప్యూటరులో ఇట్టి ప్రోగ్రామును ప్రవేశపెట్టువారికి మూడేండ్ల వరకు జైలుశిక్షయో, 5 లక్షల రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును.

సికింద్రాబాదునుండి ఇంటర్నెట్టు వరకు

పురుగును పట్టుకొనుట ఒక పని. అది ఎట్లు వ్యాపించునో ముందుగా లెక్క కట్టుట మరియొక పని. ఈ రెండవ విద్యకు మూలము మన తెలుగుగడ్డతో సంబంధము కలదియే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అను వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. అందుకు 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. అంతటితో ఆయన ఆగలేదు. జ్వరము తగ్గవలెనన్న లోకమున నున్న దోమలన్నిటిని చంపవలసినదేనా యను ప్రశ్నకు గణితముతో సమాధానము వెదకెను. అక్కరలేదు, వాని సంఖ్యను ఒక హద్దునకు దిగువగా ఉంచినచో జ్వరము తానే అంతరించునని 1911 నాటి తన గ్రంథమున చూపెను. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అనువారు అంటువ్యాధుల గణితమును ఇంకను విస్తరించిరి. 1991లో ఐ.బి.ఎం. సంస్థ శాస్త్రజ్ఞులగు కెఫార్ట్, వైట్ అనువారు ఆ విధమైన గణితమునే కంప్యూటరు వైరసులకు వర్తింపజేసిరి.

ఆ లెక్క కష్టమైనది కాదు. రోగము తగిలిన ఒక యంత్రము సగటున 2 యంత్రములకు అంటించుననుకొందము. 1 నుండి 2, 2 నుండి 4, 4 నుండి 8. ఇట్లు పదవ మెట్టున 1,024 అగును. ఇప్పుడు నూటికి 60 యంత్రములకు గడియ వేసితిమనుకొందము. పురుగు రెండు తలుపులు తట్టినను సగటున తెరచుకొనునది ఒకటి కన్న తక్కువ, అనగా 0.8 మాత్రమే. అప్పుడు 100 రోగి యంత్రములనుండి 80, వానినుండి 64, పిమ్మట 51. ఇట్లు క్రమముగా తగ్గి పురుగు నశించును. చూడుడు! గడియ వేయని 40 యంత్రములు కూడ పొరుగువారి జాగ్రత్త వలన చాలవరకు రక్షింపబడినవి. మశూచి టీకాలనాడు గ్రామములు చూచిన సత్యమే ఇది.

అయితే 2001లో పాస్తోర్-సతోరాస్, వెస్పిజ్ఞాని అను శాస్త్రజ్ఞులు ఒక హెచ్చరికను చేర్చిరి. నెట్‌వర్కులలో కొన్ని యంత్రములకు మాత్రము సంబంధములు మిక్కిలి అధికము. సంతలోని అంగడివానికి పది ఊళ్ల జనము తగులుదురు గదా! అట్టి కూడళ్లు రక్షణ లేక యున్నచో, ఎక్కడెక్కడనో కొన్ని యంత్రములకు గడియ వేసినందువలన రోగము పోదు. కావున పలువురు వాడు కార్యాలయ యంత్రమునకు మొదట రక్షణ కల్పింపవలెను. పంచాయతీ కంప్యూటరు అట్టిదే.

పది నిమిషముల పురుగు

2002 ఆగస్టులో స్టానిఫర్డ్, పాక్సన్, వీవర్ అను పరిశోధకులు, మనుష్యులు తెలిసికొని అడ్డుపడులోగా పది పదునైదు నిమిషములలో లోకమంతట వ్యాపింపగల పురుగు రావచ్చునని లెక్కగట్టి హెచ్చరించిరి. ఆరు నెలలు నిండకుండగనే, 2003 జనవరి 25న 'స్లామర్' వచ్చినది. అది కేవలము 376 బైట్లు, అనగా నాలుగైదు పంక్తుల రాతకు సరిపోవు పరిమాణము గలది. ఆరంభమున ప్రతి 8.5 సెకండ్లకు దాని బాధితుల సంఖ్య రెట్టింపయినది. పది నిమిషములలో, లోపమున్న యంత్రములలో నూటికి 90కి పైగా దాని వశమైనవి. 75,000 యంత్రములకు తక్కువ కాకుండ చెడినవి. అమెరికాలో ఒక పెద్ద బ్యాంకు డబ్బు యంత్రములు పనిచేయలేదు.

ఇంత వేగముగ పోవుదానిని ఎట్లు కొలిచిరని అడుగవచ్చును. ఉపాయము సులభము. ఊరిలో ఎవరును లేని ఇంటి నంబర్లకు ఉత్తరములు రానారంభించినచో, ఎవడో చిరునామాలు చూడకుండ వరుసగా పంపుచున్నాడని పోస్టుమాను గ్రహించును. అట్లే పరిశోధకులు, ఏ యంత్రమునకును ఇవ్వని ఖాళీ చిరునామాలను కాపు కాసిరి. పురుగు గ్రుడ్డిగా తట్టు తలుపులలో అవియు నుండును. అచ్చటికి వచ్చిన తట్టుళ్లను లెక్కించి, లోకమంతట ఎన్ని యంత్రములు చెడినవో తేల్చిరి. దీనికి నెట్‌వర్కు దూరదర్శిని యని పేరు.

ఇందు విచారింపదగిన సంగతులు రెండు కలవు. స్లామర్ ప్రవేశించిన లోపమునకు సవరణ 2002 జులైలోనే, అనగా ఆరు నెలల ముందే సిద్ధముగ నుండెను. రెండవది, ఆ లోపమును కనుగొన్న పరిశోధకుడు ఒక సభలో మాదిరికై చూపిన ప్రోగ్రామునే పురుగు వ్రాసినవాడు వాడుకొనెను. పరిశోధన ఫలితమును దాచినచో ప్రజలు జాగ్రత్తపడలేరు. పూర్తిగా పరచినచో దొంగకును దారి తెలియును. కావున నేడు పెక్కుమంది పరిశోధకులు లోపమును మొదట తయారీదారునికి తెలిపి, సవరణ వెలువడిన పిదపనే లోకమునకు ప్రకటించుచున్నారు.

మేలు చేయు పురుగును విడువరాదా యని కొందరడుగుదురు. 2003 ఆగస్టులో 'బ్లాస్టర్' అను పురుగు వచ్చినపుడు, దానిని తొలగించి సవరణ వేయు 'వెల్చియా' అను మరియొక పురుగును ఎవరో విడిచిరి. అది సృష్టించిన రద్దీకి అనేక నెట్‌వర్కులు స్తంభించినవి. యజమాని అనుమతి లేక ఇల్లు చొచ్చి ఊడ్చువానిని ఉపకారి యనలేము.

2017: ఆసుపత్రులకు తగిలిన దెబ్బ

2017 మే 12న 'వన్నాక్రై' అను పురుగు, యంత్రములలోని పత్రములను తాళము వేసి, తీయుటకు 300 డాలర్లు కోరుచు, కొలది దినములలో సుమారు 150 దేశములకు ప్రాకినది. అమెరికా జాతీయ భద్రతా సంస్థ వద్ద తయారై, చోరులచేత బయటపడిన ఒక సాధనము దాని బలము. ఇంగ్లండులో ప్రభుత్వ ఆసుపత్రుల ట్రస్టులలో సుమారు మూడవ వంతు చిక్కులలో పడినవి. రోగుల కిచ్చిన సమయములు రద్దయినవి 6,912 అని అప్పటికి లెక్క తేలినది. మన రాష్ట్రమున పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లకు కూడ అది సోకినది. ఇంగ్లండులోని ఒక యువ పరిశోధకుడు బాధితులను లెక్కించుటకై, ఆ పురుగు వెదకుచున్న ఒక ఇంటర్నెట్టు చిరునామాను తన పేర నమోదు చేసెను. ఆ చిరునామా దొరకినచో ఆగునట్లు పురుగులో వ్రాయబడి యుండుటచే దాని వ్యాప్తి అణగినది.

దీనికిని సవరణ 2017 మార్చి 14ననే వెలువడి యుండెను. 59 దినముల వ్యవధి! ఔషధము ఇంటనుండగా త్రాగని రోగి కథ ఇది. వ్యాధి గొప్పతనము కన్న మన ఆలస్యమే ఎక్కువ చెరుపు చేసినది. ఇన్ని సంవత్సరముల పరిశోధన గ్రామమునకు చెప్పు మాటయు ఇదియే.

పంచాయతీ చేయదగిన పనులు

1. సవరణలు వచ్చినపుడు 'తరువాత' అని త్రోసివేయక వెంటనే వేయించవలెను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సామాన్య మద్దతు ముగిసినది. అట్టి పాత యంత్రములున్నచో ఆ సంగతి పై కార్యాలయమునకు వ్రాతమూలకముగ తెలుపవలెను.

2. పాస్‌వర్డు పొడవైనదిగాను, ఊహకు అందనిదిగాను ఉండవలెను. దానిని కాగితముపై వ్రాసి యంత్రమునకే అంటించు అలవాటును మేము చూచియున్నాము. ఇది మానవలెను.

3. ఎవరో తెచ్చిన పెన్‌డ్రైవును పెట్టరాదు. 2010లో బయటపడిన 'స్టక్స్‌నెట్' అను పురుగు నెట్‌వర్కుతో సంబంధము లేని యంత్రములకు సైతము పెన్‌డ్రైవు ద్వారా పోగలిగినది. అది ఇరాను, ఇండోనేషియాలతో పాటు మన దేశమునందును అనేక యంత్రములలో కనబడినది.

4. దస్త్రములకు వారమున కొకసారి నకలు తీసి, యంత్రమునుండి విడదీసి, బీరువాలో భద్రపరచవలెను. నకలు ఉన్నచో తాళము వేసినవానికి లొంగవలసిన పని లేదు. సొమ్ము చెల్లించినను దస్త్రములు తిరిగి వచ్చునను హామీ లేదు.

5. వైరసును పట్టు ప్రోగ్రామును వాడవలెను గాని, దానినే నమ్మి యుండరాదు. ప్రతి వైరసును తప్పక పట్టగల సంపూర్ణ సాధనము అసాధ్యమని ఫ్రెడ్ కోహెన్ అను శాస్త్రజ్ఞుడు 1980ల నాడే నిరూపించెను. కేంద్ర ప్రభుత్వము 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము శుభ్రపరచు సాధనములను ఉచితముగ ఇచ్చుచున్నది.

6. అనుమానము కలిగినచో మొదట యంత్రమును నెట్‌వర్కునుండి విడదీయవలెను. పిమ్మట మండల, జిల్లా అధికారులకు తెలుపవలెను. దేశమున ఇట్టి ఆపదలను చూచుటకు 2004లో ఏర్పడిన సెర్ట్-ఇన్ అను సంస్థ కలదు. సొమ్ము మోసము జరిగినచో 1930 నంబరునకు వెంటనే ఫోను చేయవలెను.

ఈ ఆరింటిలో చివరిది కష్టమైనది. తన యంత్రము చెడినదని చెప్పుటకు ఉద్యోగి సంకోచించును; నింద వచ్చునని దాచును. కలరా వచ్చిన యింటిని దాచినచో ఊరికి ఏమగునో పెద్దలెరుగుదురు. కావున ముందుగా తెలిపిన ఉద్యోగిని దండింపక మెచ్చుకొను సంప్రదాయమును పంచాయతీలు నెలకొల్పవలెను. పాలో ఆల్టో శాస్త్రజ్ఞులు తమ పొరపాటును దాచక ప్రకటించినందువలననే తరువాతివారు నేర్చుకొనగలిగిరి.

చర్చకు ప్రశ్నలు

పంచాయతీ సమావేశమున సభ్యులు ఈ క్రింది విషయములను చర్చింపగోరుదుము.

మన కార్యాలయపు కంప్యూటరునకు చివరి సవరణ ఎప్పుడు వేయబడినది? ఆ సంగతి ఎవరికి తెలియును?

నేడే ఆ యంత్రము చెడినచో జనన మరణముల పట్టిక, పన్ను లెక్కలు మరల ఎచ్చటనుండి తెత్తుము?

పాస్‌వర్డు ఎందరికి తెలియును? ఎందరికి తెలియవలసి యున్నది?

ఈ ప్రశ్నలకు సమాధానములు లభించిన యెడల వానిని తీర్మానముగ వ్రాసి, ఒక సభ్యునికి బాధ్యత అప్పగింపవలెను. మన కార్యాలయమున వేసిన ఒక్క గడియ మన దస్త్రములను మాత్రమే కాక, మనకు కనబడని పొరుగూళ్ల దస్త్రములను కూడ కాపాడును. మురుగుకాలువ పూడిక తీయించునపుడు పంచాయతీ చేయుచున్నది కూడ ఇదియే గదా!